బొండకొయ్య

లస్మినీ పాదాల దగ్గర చాపలో చుట్టిన దుంగ ఉంది. కోర్టు గుమ్మం దగ్గరి పోలీసు దాన్ని బూటుతో తట్టాడు.

"ఏంటమ్మా, జడ్జిగారికి పనసపండు తెచ్చావా? వాసన రాదేం?"

లస్మినీ దాన్ని దగ్గరకు లాక్కుంది. ఆ చాప విప్పితే తమ్ముడు తుకిమన్ ఆసుపత్రికి పోతాడు, తను జైలుకు పోతుంది. విప్పకపోతే వాడికి పదేళ్ల శిక్ష. ఇంట్లో చిన్నది ఇంకా పాలు మానలేదు.

తప్పిపోయిన మేక కోసం పక్కింటాయన తాడు పట్టుకుని వీళ్ల దొడ్లోకొచ్చాడు, అంతే. ఆ తాడు చూసి తుకిమన్ ఆయన చెయ్యి కొడవలితో నరికాడు.

లోపల ప్రాసిక్యూటరు ఊరిపెద్ద ఇచ్చిన కాగితం చదివాడు. "ముద్దాయి ఏడేళ్లు మలేషియా తోటల్లో పనిచేసి వచ్చాడు. అంత కష్టపడ్డవాడికి పిచ్చేమిటండీ? అంతా నాటకం!"

మలేషియా మాట పుట్టించింది లస్మినీయే. ఊళ్లో ఇంటికొకడు అక్కడే ఉంటాడు కాబట్టి ఎవరూ గుచ్చి అడగలేదు. తమ్ముడికి ఏవో గొంతులు వినిపిస్తున్నాయని తెలిస్తే ఆమె పెళ్లి చెడిపోయేది. రంజాన్ పండక్కి బిస్కెట్ల డబ్బా తనే కొని, తమ్ముడు పంపాడని వీధంతా పంచింది కూడా. సిగ్గులేని పని! ఆ ఏడేళ్లూ వాడు పశువులపాకలోనే ఉన్నాడు. అమ్మ పోయాకే ఆమె వాణ్ణి విప్పింది.

"నువ్వు చెప్పేదేమైనా ఉందా?" అని జడ్జి లస్మినీని అడిగాడు.

ఆమె వంగి చాప ముడి విప్పబోయింది. తమ్ముడి తరఫు లాయరమ్మ సాయం పట్టింది. బొండకొయ్య దుంగ నేల మీద దొర్లింది. కాళ్లు దూర్చే రెండు కంతలూ నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"మలేషియా లేదయ్యా. ఇందులో వేశాం, అమ్మా నేనూ. మేకు కొట్టింది నేనే."

"అది నేరమని తెలుసా?"

"తెలుసయ్యా."

ఇందాకటి పోలీసు వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఈసారి నవ్వలేదు.

అప్పుడు తుకిమన్ లేచాడు. చెప్పులు విడిచి, పక్కన సర్ది పెట్టి, దుంగ ముందు కూర్చుని కాళ్లు చాపాడు.

"అరవను అక్కా. ఇవాళ కొంచెం వదులుగా బిగించు."

వాణ్ణి డాక్టరుకు చూపించమని జడ్జి రాయిస్తున్నాడు. లస్మినీకి అది వినపడలేదు. "లే నాన్నా, లే" అంటూ భుజాలు పట్టి లాగుతోంది. వాడు లేవడం లేదు.