తోక మీది ఎర్రలైటు

ఆ ఫ్లయింగ్ స్కూల్లో ఉన్నవి మూడే చిన్న విమానాలు. వారం తిరిగేసరికి ఏదో ఒకదాని బ్యాటరీ చచ్చి ఊరుకునేది. దిగిపోయేవాళ్లు మెయిన్ స్విచ్చి ఆపడం మర్చిపోవడమే కారణం. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టాక టీచరమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. తోక మీద మిణుకుమనే ఎర్రలైటు స్విచ్చిని ఎప్పుడూ వేసే ఉంచమంది. మెయిన్ ఆపితే లైటు కూడా ఆరిపోతుంది. ఆపకపోతే ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది, చూసినవాళ్లు వెళ్లి ఆపేస్తారు. ఎక్కువగా ఆ పని మెకానిక్కు మీదే పడేది. అతను ఆమె సొంత తమ్ముడు.

అసలు ఆ లైటు ఉన్నది అందుకు కాదు. ఇంజిన్ స్టార్టు కాబోతోంది, దగ్గరికి రావద్దని చెప్పడానికి. విద్యార్థులకు ఆ పాఠం చెప్పేదీ ఆవిడే. ఒకే లైటు ఒకరిని దూరంగా ఉండమని, ఇంకొకరిని దగ్గరికి రమ్మని చెబుతోందన్న సంగతి ఆ మహాతల్లికి మూడేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె విద్యార్థి ఒకాయన, పళ్ల డాక్టరు, ఒంటరిగా విమానం ఎక్కాడు. మెయిన్ స్విచ్చి వేశాడు, లైటు వెలిగింది. సీటు ముందుకు జరుపుకోవడానికి కిందికి వంగాడు. షెడ్డులోంచి చూసిన తమ్ముడికి వెలుగుతున్న లైటు కనిపించింది, లోపల మనిషి కనిపించలేదు. పరుగున వచ్చాడు. విమానం ముక్కు పక్కనుంచి తలుపు వైపు తిరుగుతుండగా డాక్టరు లేచి, 'తప్పుకోండి' అని కేక వేయకుండానే ఇంజిన్ తాళం తిప్పాడు. ప్రొపెల్లరు తమ్ముడి కుడిచేతి వేళ్లు రెండు తెంచేసింది.

"లైటు వెలుగుతోంది కదా, ఎవరూ రారనుకున్నానండీ," అని డాక్టరు బావురుమన్నాడు.

మర్నాడు స్కూలు యజమాని ఒక కాగితం తెచ్చాడు. "తప్పంతా ఆ డాక్టరుదే అని రాశాను. మీరు సంతకం పడేయండమ్మా, మిగతాది నేను చూసుకుంటాను."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.

తమ్ముడు చదివి తిరిగిచ్చాడు. "పెట్టెయ్యక్కా. ఆయనకేం, పళ్లు పీక్కుని బతుకుతాడు. లైసెన్సు పోతే నువ్వేం చేస్తావ్?"

"నువ్వెందుకు పరిగెత్తావురా? విమానం దగ్గర ఎవరు పరిగెత్తినా తిట్టిపోసేది నువ్వే కదా!"

అతను కట్టు కట్టిన చేతిని దుప్పటి కిందికి జరుపుకున్నాడు. "పొద్దున దాంట్లోంచి దిగింది నువ్వే. మర్చిపోయావనుకున్నా. ఓనరు సార్ చూశాడంటే అందరి ముందూ నిన్ను కడిగేస్తాడు. ఆయన బయటికొచ్చేలోపు ఆపేద్దామని..."

ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. కాగితం ఒళ్లో పెట్టుకుని, డాక్టరు పేరు కొట్టేసి, ఆ లైటు స్విచ్చి ఎప్పుడూ ఆపవద్దన్నది తానేనని రాయడం మొదలుపెట్టింది.

"వద్దక్కా, నా మాట విను," అంటూ తమ్ముడు పెన్ను లాక్కోబోయాడు. అలవాటు కొద్దీ కుడిచేయే చాపాడు. పట్టు దొరకలేదు.