పదకొండేళ్ల జొన్న

నంద్యాలలోని ఆ విత్తనాల కంపెనీలో కంప్యూటర్లన్నీ మోషే చేతి మీద నడిచేవి. హెడ్డాఫీసులో ఆరు సర్వర్లు, ఆళ్లగడ్డ దగ్గరి పరిశోధన క్షేత్రంలో ఒకటి. అవి వేడెక్కకుండా ఏసీలు పగలూ రాత్రీ తిరగాల్సిందే. 2007 వేసవిలో కరెంటు బిల్లు చూసి ఎండీ, "ఏందప్పా మోషే, మనం విత్తనాలమ్మేది కంప్యూటర్లను మేపనీకేనా?" అని విసుక్కున్నాడు.

మోషే రెండు నెలలు కూర్చుని చదివి దారి కనిపెట్టాడు. ఒక్కో పనికి ఒక్కో సర్వర్ అక్కర్లేదు. రెండు పెద్ద మెషిన్లు కొంటే, వర్చువలైజేషన్ పద్ధతిలో ఒక్కోదాని లోపలే నాలుగు సర్వర్ల పని చేయించవచ్చు. డేటా అంతా ఒకే స్టోరేజీ పెట్టెలో పెట్టవచ్చు. దానికి నకలుగా ఇంకో పెట్టె ఆళ్లగడ్డలో ఉండాలని కూడా ఎండీకిచ్చిన కాగితంలో రాశాడు. ఎండీ మిగతాదానికి ఒప్పుకుని ఆ లైను మీద మాత్రం గీత కొట్టాడు.

"ఖర్చు తగ్గించు అంటే జత తెమ్మంటాండావే?"

మోషే మళ్లీ అడగలేదు.

ఆళ్లగడ్డ సర్వర్ తేవడానికి వెళ్లినప్పుడు ఉమామహేశ్వరమ్మ ఎదురొచ్చింది. వానలు మొహం చాటేసినా నిలబడే జొన్న కోసం పదేళ్లుగా రకాలు కలుపుతూ వస్తున్న శాస్త్రవేత్త ఆమె. ఏ మొక్కకు తల్లి ఏది, తండ్రి ఏది అన్న వివరమంతా ఆ సర్వర్‌లోనే ఉంది.

"డేటా తీస్కపో మోషే. పాత మెషిన్ మాత్రం ఈడే ఉండనీ. మూలన పడుంటాది."

"అక్కర్లేదమ్మా. ఆడ ఇంకా భద్రంగా ఉంటాది. నన్ను నమ్మండి."

ఆమె నమ్మింది. ఆ ఒక్కటి వదిలేసినా ఎండీ గమనించేవాడు కాదు. కానీ ఏడుకు ఏడూ తీసేశానని చెప్పుకోవాలన్న ముచ్చట మోషేది. అన్నీ ఒకే లారీలో తుక్కుకు పోయాయి. కరెంటు బిల్లు సగానికి పడింది. వార్షిక సమావేశంలో ఎండీ శాలువా కప్పుతుంటే మోషే భార్య లూదియా ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

మరుసటి ఏడు డిసెంబరులో, ఒక మధ్యాహ్నం, స్టోరేజీ పెట్టెలో డిస్కు ఒకటి పోయింది. ఒకటి పోతే తట్టుకునే ఏర్పాటు ఉన్నదే. మోషే కొత్తది పెట్టి, అందులోకి డేటా తిరిగి నిండుతుంటే తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. అరవై శాతం దగ్గర రెండో డిస్కు కూడా పోయింది. అంకె ఇక కదలలేదు. రెండు పోతే పెట్టెలోని డేటా మొత్తం పోయినట్టే.

అమ్మకాల విభాగం వాళ్లు తమవి సీడీల్లోకి ఎక్కించుకునేవాళ్లు కాబట్టి అవి బతికాయి. ఆళ్లగడ్డ డేటా ఎక్కించాల్సింది మోషే. ఈ నెల, వచ్చే నెల అంటూ జరుపుకుంటూ వచ్చాడు. హైదరాబాదులో డిస్కులు బాగుచేసేవాళ్లు ఇరవై రోజులు ఉంచుకుని, ఏమీ రాదన్నారు.

ఫోనులో చెప్పడానికి నోరు రాక బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాడు. జొన్న నిండుగా కంకి వేసి ఉంది. ఉమామహేశ్వరమ్మ అంతా వింది. పక్కనున్న మొక్కకు కట్టిన అట్టముక్కను రెండు వేళ్లతో పట్టుకుంది.

"నంబరుండాది. ఇది ఎవరి బిడ్డో యాడుంది మోషే?"

"పాత నోటుబుక్కులు..."

"మొదటి మూడేండ్లవే ఉండాయి. నువ్వు నేర్పించినాక అన్నీ కంప్యూటర్లోనే రాసినా."

"మళ్లీ మొదలుపెడదామమ్మా. పగలనక రాత్రనక నేనూ చేస్తా."

"నాకింక పద్నాలుగు నెలల సర్వీసుండాది. ఎనిమిదేండ్లు యాడ తెచ్చిస్తావు?"

మోషే ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఆమె లేవమనలేదు. అట్టముక్క వదిలేసి ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

నంద్యాలకు తిరిగొచ్చి అతను రాజీనామా ఇస్తే ఎండీ చించేశాడు.

"పోనీలేప్పా. ఆ జొన్నతో మనకు రూపాయొచ్చింది లేదు. ఆ క్షేత్రం ఖర్చూ తగ్గినట్టే."

ఫిబ్రవరిలో కూలీలు అట్టముక్కలు పీకి పారేసి, వరసలన్నీ కలిపి కోసేశారు. కోళ్ల దాణాకు కొనుక్కున్నవాళ్లు ట్రాక్టరు తెచ్చారు. ఉమామహేశ్వరమ్మ ఆ రోజు సెలవు పెట్టింది. అమ్మకం కాగితం మీద కంపెనీ తరఫున సంతకం చేయడానికి మోషే వెళ్లాల్సి వచ్చింది.