ఆరో సీసా

"ఆ కంపెనీల సబ్బు నీళ్ళు కలిపితే జీతమిస్తరట, ఈడ అంట్లు తోమితే ఏమియ్యరు. రెండూ సబ్బే గదనే పిల్లా?" అన్నది వెంకటనర్సమ్మ మగ్గం మీది నుంచి.

అండాలు అనే ఆ కోడలు గిన్నెలు తోముతూ నవ్వి ఊరుకుంది. పెండ్లయిన కొత్తలో అయితే వివరించేది. ఆ ఇంట్లో దేన్నైనా వివరించడమంటే మొగుడు శ్రవణ్‌కుమార్ ఆవలింతలు లెక్కపెట్టడమేనని తర్వాత తెలిసింది.

ఆమె నారాయణపేట బయట వేపనూనె పురుగుమందు తయారుచేసే చిన్న కంపెనీలో ల్యాబు మనిషి. నూనె, నీళ్ళు కలవవు. కలపడానికి వేసే సబ్బులాంటి సరుకును సర్ఫాక్టెంట్ అంటారు. దాని తల నీళ్ళ వైపు, తోక నూనె వైపు. తూకం కుదిరితే మందు అద్దంలా తేటగా ఉంటుంది. కుదరకపోతే రైతు పంపులోనే విరిగి కూర్చుంటుంది. ఏ సబ్బు ఎటు మొగ్గుతుందో ముందే కొలిచి చెప్పడం అండాలు పని. తల్లి వైపు చెప్పలేక, పెండ్లాం వైపు చెప్పలేక, మాటకు ముందు బజారుకు పోయే మొగుడితో కాపురం చేసినామెకు అదేమంత కష్టం కాదు.

కొలిచేది ఆమె, సంతకం మేనేజరు మురళీమోహన్‌ది. "నీ పేరెందుకమ్మా, ఆడపేరు చూస్తే రైతులు నమ్మరు" అన్నాడు మొదటిసారి. రెండోసారి ఆ మాట అనాల్సిన అవసరం కూడా ఉందనుకోలేదు. ఈసారి మక్తల్ రైతుల సభకు పోయే కొలతల కాగితం మీద తన పేరే ఉండాలని అండాలు మనసులో గట్టిగా అనుకుంది.

కొత్త సబ్బు డ్రమ్ము దిగింది. పది సీసాలు కట్టింది. అన్నింటిలో నూనె, నీళ్ళు, సబ్బు ఒకే కొలత. ఉప్పు మాత్రం ఒకటో సీసా నుంచి పదో సీసాకు పెరుగుతూ పోతుంది. ఉప్పు తక్కువైతే సబ్బు నీళ్ళలో ఉంటుంది, ఎక్కువైతే నూనెలోకి పోతుంది. ఒక్క సీసాలో మాత్రం ఎటూ పోక, నడుమ మూడో పొరగా నిలబడుతుంది. ఆ సీసా ఏదో తెలిస్తే ఏ ఊరి బోరు నీళ్ళలో మందు నిలుస్తుందో లెక్కకట్టొచ్చు. కాకపోతే వారం రోజులు ఒకే చల్లదనంలో కదలకుండా ఉండాలి. ల్యాబులోనేమో ఐదు కాగానే మురళీమోహన్ కరెంటు మెయిను ఆపేస్తాడు. అందుకని సీసాలను ఇంటికి తెచ్చి, అత్త మగ్గం గుంటలో, ఆమె కాళ్ళు ఆడే జాగాకు దూరంగా మూలన పెట్టింది. ఏ కాలమైనా ఆ గుంట ఒకే తీరుగా చల్లగా ఉంటుంది.

"ఎవ్వరు తన్నకుండ చూడు అత్తమ్మా" అని మాత్రం చెప్పింది. తానూ వారం దాకా చూడొద్దని ఒట్టు పెట్టుకుంది.

ఏడోనాడు పొద్దున, చేతులు తుడుచుకుని వంగి చూస్తే పది సీసాలూ తెల్లగా పాలే. అత్త అప్పుడే వాటిని కింద పెడుతున్నది.

"ఏం జేస్తున్నవత్తమ్మా?"

"ఊపుతున్న. పొద్దుమాపు ఊపుతనే ఉన్న. ఊకె తేరుకుంటున్నయి. తేరిన గంజి కలపకుండ పడుగుకు వెడ్తమా? నీ పని చెడిపోతదని నేనే జర చూసుకుంటున్న."

అండాలు గుంట గట్టు మీద కూలబడింది. రేపే సభ. ఇంకో వారం లేదు. శ్రవణ్‌కుమార్ చాయ్ గ్లాసుతో వచ్చి చూసి, "గంతేనా? ఏదో ఒక నంబరు రాసెయ్. సంతకం నీది కాదు గద" అన్నాడు. అతను ఓదార్చడమంటే అదే.

"ఎంత ఊపినా గా ఆరోది మాట వినదు," అత్త గొణిగింది. "పోగు పట్టుకొని నాడె పదిసార్లు అటిటు తిరిగేలోపే విడిపోతది. చూడు మళ్ళ. ఒకటోది, పదోది అయితే బెత్తెడు బట్ట నేసినా పాలలెక్కనే ఉంటయి."

అండాలు తలెత్తింది. నిజమే. అత్త మళ్ళీ ఊపి పెట్టిన ఆరో సీసాలో నూనె అప్పుడే పైకి తేలుతోంది.

"ఐదోది?"

"ముప్పై పోగులు."

"ఏడోది?"

"నలభై. లెక్కవెట్టకుండ నేస్తననుకున్నవా?"

"రోజూ గంతేనా?"

"రోజూ గంతే."

సబ్బు ఎటూ మొగ్గని చోటే, ఊపిన నూనె అన్నింటికంటే తొందరగా విడిపోతుంది. అండాలు చదువుకున్నదే, మూడో పొర కోసం చూసీ చూసీ మరిచింది. అత్త మాత్రం వారమంతా రోజుకు రెండుసార్లు అదే కొలిచింది. అండాలు ఫోన్‌లో గడియారం పెట్టి, అత్త చేత పది సీసాలూ మళ్ళీ ఊపించింది. ఆరోదే. లెక్కకడితే, ఉప్పెక్కువున్న మక్తల్ బోరు నీళ్ళకు ఈ సబ్బొక్కటే చాలదు, నీళ్ళ వైపు మొగ్గే ఇంకో రకం పదో వంతు కలపాలి. శ్రవణ్‌కుమార్ రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూసి, గిన్నెలు వాటంతటవే పొయ్యి ఎక్కవని కనిపెట్టి, హోటలుకు పోయాడు.

మధ్యాహ్నం మురళీమోహన్ కాగితం అందుకుని కలం తీశాడు. సంతకం జాగా నిండి ఉంది. కొలిచినవారు: అండాలు, వెంకటనర్సమ్మ.

"ఎవరీ వెంకటనర్సమ్మ?"

"మా అత్తమ్మ సార్."

"ఏం చదివింది?"

"చదువుకోలే. మగ్గం నేస్తది."

"సభలో నవ్వుతారమ్మా. ఆ పేర్లు తీసేసి తీసుకురా, నేను సంతకం చేస్తా."

"తీసేస్త సార్. మరి పదో వంతు ఎందుకని రైతులడిగితే మీరే చెప్పాలె. వాళ్ళ బోరు నీళ్ళల్ల మీరే కలిపి చూపియ్యాలె. నేను రాను."

మురళీమోహన్ కాగితం తిప్పి చూశాడు, వెనకవైపు జవాబేమన్నా రాసి ఉందేమోనని. లేదు. కలం మూత పెట్టాడు.

"సరే. జీపులో నీకు సీటు ఉంచమంటా."

"రెండు సార్. ఆమెకు వెనక కూసుంటే కడుపుల తిప్పుతది. ముందటిదియ్యున్రి" అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా ల్యాబులోకి నడిచింది అండాలు.

ముందు సీటు, కంపెనీ పెట్టిననాటి నుంచీ, మురళీమోహన్‌ది.