ప్రోగ్రాములు లేపే పని

మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటరంటే ఏసీలో హాయిగా కూర్చోవడం అనుకుంటారు మా వాళ్లు. వాళ్ల మొహం! కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మూడు ప్రోగ్రాములను చేత్తో లేపడమే ఆరేళ్లుగా నా పని.

మాది పాత మెషిన్. దానికి పట్టేంత చిన్న లినక్స్ ఎక్కించి పోయాడు గుంటూరు నుంచి వచ్చినతను. పెద్ద సిస్టమ్‌లలో ఇలాంటివాటిని లేపి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుందట. ఇందులో అది లేదు కాబట్టి నేనున్నాను. ముందు డేటాబేస్ లేవాలి. తర్వాత గదుల్లో చలి కొలిచేది, ఆ తర్వాత ఆ లెక్క మేనేజర్ ఫోనుకు పంపేది. వరస తప్పితే మళ్లీ మొదటికి. కమాండ్లు కొట్టిన విండో పొరపాటున మూశానా, మూడూ దాంతోపాటే చచ్చేవి.

యూపీఎస్ బ్యాటరీ నేను చేరకముందే పోయింది. నరసరావుపేట ఎండలకు కరెంటు రోజుకు నాలుగైదుసార్లు పోతుంది. అందుకే నాకు సెలవుండదు. మా అమ్మీ కంటి ఆపరేషన్ ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేయించాను. ఈసారి నేను పక్కన లేకపోతే బల్ల ఎక్కనంది.

విసుగొచ్చి పోయినవారం మూడు కమాండ్లూ ఒక ఫైల్లో వరసగా రాశాను. మధ్య మధ్య పది సెకన్లు ఆగమన్నాను. మెషిన్ ఆన్ కాగానే ఆ ఫైలు నడిచేట్టు పెట్టాను. ప్లగ్గు పీకి నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ నా చెయ్యి పడకుండానే మూడూ లేచాయి. సంతోషంతో ఏడుపొచ్చింది.

ఈ ఉదయం సెలవు చీటీ పట్టుకుని మేనేజర్ నరసింహారావు గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, మా అమ్మీకి పదకొండింటికి ఆపరేషన్. ఆ ప్రోగ్రాములు వాటంతటవే లేచేట్టు చేస్తే..."

ఆయన చీటీ చూడనైనా చూడలేదు. "అయ్యే లేస్తే ఇంక నీతో పనేముందమ్మాయ్? నిన్నెందుకు పెట్టుకుంటా?" అని నవ్వాడు. "చానా ఆలోచించబాక. పోయి కూర్చో."

చీటీ మడిచి వచ్చి కూర్చున్నాను. అప్పటికే చేసేశానని చెప్పలేదు. మా ఇల్లు గడిచేది ఈ ఉద్యోగంతోనే. అమ్మీకి ఫోన్ చేసి, పక్కింటి నజీమా అక్క తోడొస్తుంది, వెళ్లమన్నాను. "సరేలే తస్లీమ్" అంది. తిట్టినా బాగుండేది.

పదకొండింటికి కరెంటు పోయింది, వచ్చింది. డేటాబేస్ లేచింది. చలి కొలిచేదీ లేచింది. మూడోది తన పది సెకన్లు ఆగుతోంది. ఈపాటికి అమ్మీని లోపలికి తీసుకెళ్లి ఉంటారు. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాను.

"అమ్మాయ్, లేచినయ్యా?" గుమ్మంలోంచి అరిచాడు మేనేజర్.

కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

"లేపుతున్నా సార్," అన్నాను.