ముళ్ళతీగ మీద పిలుపు

1903 అక్టోబరులో ఆ రోజుకి మా పెళ్ళయి నలభై ఒక్క రోజులు. లెక్క నాది, తప్పు ఉండదు. అందులో ఇరవయ్యో రోజున మా ఆయన రూఫస్ రెండు టెలిఫోను పెట్టెలు తెచ్చాడు. మా కౌంటీలో అవే మొదటివి. ఒకటి మాకు, ఒకటి మూడు మైళ్ళ అవతల ఉండే హాస్కెట్లకి. చెట్టన్నది లేని మా కాన్సస్ మైదానంలో స్తంభాలు ఎక్కణ్ణించి వస్తాయి? అందుకని పశువుల ముళ్ళకంచె పైతీగనే వాడుకున్నాడు. తీగ కర్రకి తగలకుండా గుంజ గుంజకీ ఒక పగిలిన సీసా మెడ బిగించాడు. మేకులు నా నోట్లో, సుత్తి తన చేతిలో. మూడు మైళ్ళు అలాగే నడిచాం. అంత మంచి వారం నేనెరగను.

మా అత్తగారు తబితాకి అదంతా వెర్రి. రేపు ఆవు ఫోనెత్తి పలకరిస్తే నన్ను లేపు, కోరా, అనేది. మొదటి వారంలోనే, హాస్కెట్ల గంట మోగించడానికి నేను ఇంట్లో పెట్టె పిడి తిప్పి తీగలోకి కరెంటు పంపుతుండగా ఆవిడ కంచె దగ్గర ఆ తీగ పట్టుకుంది. ఒళ్ళు జిల్లుమని వెనక్కి పడింది. మళ్ళీ దాని జోలికి పోలేదు.

మా గేటు కూడా తీగలదే. మూసి కొక్కెం తగిలిస్తే లైను కలుస్తుంది, తీస్తే మూగబోతుంది. అందుకే తీసినవాళ్ళే వెయ్యాలని ఇంట్లో నియమం.

ఆ నలభై ఒకటో రోజు పొద్దున రూఫస్ హాస్కెట్ల బావిలో పూడిక తియ్యడానికి బయల్దేరాడు. గేటుదాకా నేనూ వెళ్ళాను. వీడ్కోలు కాస్త ఎక్కువసేపే పట్టింది. తను గుర్రమెక్కి వెళ్ళాక, నేను పాడుకుంటూ ఇంటికొచ్చేశాను.

మధ్యాహ్నం నైరుతిలో పొగ లేచింది. ఎండుగడ్డి, పైగా ఈదురుగాలి. గాలి హాస్కెట్ల ఇంటివైపే వీస్తోంది. వాళ్ళకీ మంటకీ మధ్య గుట్ట అడ్డం. వాళ్ళు చూసేసరికి మంట వాకిట్లో ఉంటుంది. రూఫస్ నలభై అడుగుల లోతున ఉన్నాడు.

పరిగెత్తి పిడి తిప్పాను. చేతిలో ఏమీ లేనట్టు తేలిగ్గా తిరిగింది. లైను తెగితేనే అలా తిరుగుతుంది. అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తయ్యా, గేటు," అన్నాను. "పొద్దున మేం వెయ్యలేదు."

ఆవిడ నన్ను ఒక్క చూపు చూసి, గౌను ఎగదోపుకుని పరిగెత్తింది. నేను ఫోను దగ్గరే నిలబడి కిటికీలోంచి చూస్తున్నాను. ఆవులు గేటుని తొక్కేసి పోయాయి. ఆవిడ నేలమీది తీగ లాగింది. అందలేదు. కాలు గుంజకి తన్నిపెట్టి మళ్ళీ లాగింది. చివరికి రెండు కొసలూ గుప్పిట్లో కలిపి నొక్కిపట్టి, నావైపు తల ఊపింది.

ఇప్పుడు పిడి తిప్పితే దెబ్బ ఆవిడకే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

తిప్పాను. ఈసారి బరువుగా తిరిగింది. ఆవిడ ఒళ్ళు ఎగిరిపడింది. ఎవరూ ఫోనెత్తలేదు. మళ్ళీ తిప్పాను. మోకాళ్ళ మీద కూలబడింది, కొసలు మాత్రం వదల్లేదు. మూడోసారి కళ్ళు మూసుకుని తిప్పాను.

"చేతులనిండా రొట్టెపిండి, కోరా. కొంప మునిగిందా ఏం?" అంది అవతల ఫోనెత్తిన ఒడెస్సా హాస్కెట్.

మంట వస్తోందని చెప్పాను. రూఫస్‌ని పైకి లాగి, అందరూ గడ్డి లేని దున్నిన చేలోకి పొమ్మన్నాను. ఆమె ఫోను వదిలేసి పరిగెత్తింది. వాళ్ళ బావి వంటింటి గుమ్మం దగ్గరే. తీగలోంచి మొగుణ్ణి కేకేయడం, తర్వాత గిలక కీచుమనడం వినిపించాయి. కీచు, కీచు. నలభై అడుగులకి ఇన్ని కీచులా అనిపించింది. గిలక ఆగింది. ఎవరో దగ్గారు. అది రూఫస్ దగ్గు. అంతలో లైను పోయింది, మంట అటు కంచె గుంజల్ని అందుకుందేమో.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి అత్తగారు ఇంకా కొసలు పట్టుకునే ఉంది. అరచేతుల్లో ముళ్ళు దిగి నెత్తురు కారుతోంది. రూఫస్ బావిలోంచి వచ్చాడని చెప్పాకే వదిలింది. ఆ చేతులకి నా రుమాలు చింపి కట్టు కట్టాను. ఇద్దరం అక్కడే కూర్చుని దారి చూశాం. గేటు గురించి ఆవిడ ఎప్పుడు తిడుతుందా అని చూస్తున్నాను. తిట్టినా బాగుండేది.

పొద్దు వాలుతుండగా మసిబారిన మనిషి ఒకడు గుర్రం మీద వచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి. హాస్కెట్లు చేలో క్షేమమని గుర్రం మీంచే, రూఫస్ గొంతుతో, అరిచి చెప్పాడు. నేను ఎదురు పరిగెత్తబోతే అత్తగారు నా గౌను పట్టి ఆపింది.

"ముందు ఆ గేటు ఎత్తి కట్టండి," అంది, "ఇద్దరూ. తర్వాత ఎంతసేపు కావలిస్తే అంతసేపు వీడ్కోలు చెప్పుకోండి."