హరికిషన్ కొత్త దిండు

ఐదున్నరకు గేటుకు పాలప్యాకెట్ తగిలించిన చప్పుడు, ఐదూ నలభైకి నల్లా, ఆరుకు వసుధ మొదటి తుమ్ము. మెట్టుగూడలోని ఆ రెండు గదుల ఇంట్లో రోజు అలా మొదలయ్యేది. తుమ్ములు ఆగేసరికి ఆరూ పది. వసుధ వాటిని లెక్కపెట్టుకునేది. తక్కువలో తక్కువ పదకొండు, ఎక్కువలో ఎక్కువ ముప్ఫై నాలుగు, రెండు నెలల సగటు పంతొమ్మిది. వంటింట్లోంచి తల్లి కమలాబాయి కూడా లెక్కపెట్టేది. ఆమెకు కావలసింది అంకె కాదు, సరా బేసా అన్నది. ఒంటి తుమ్ము మంచిది కాదు, జంట తుమ్ము మంచిదని ఆమె నమ్మకం. బేసి దగ్గర ఆగితే పిలిచేది.

"ఇంకొక్కటి తుమ్మరాదు బిడ్డా, నాకు బ్యాంకుకు పోయేదున్నది."

ఇంట్లో ఆడవాళ్ళిద్దరే. గురక మాత్రం మగమనిషిది. కమలాబాయి భర్త హరికిషన్ ముప్ఫై ఒక్క ఏళ్ళు గూడ్స్ బండ్లకు గార్డుగా చేసి, నాలుగేళ్ళ కింద గుండెపోటుతో పోయాడు. మనిషి పోయాడు గానీ ఆయన గురక దిండులో ఉండిపోయింది. ఎవరైనా తల ఆనిస్తే మొదలయ్యేది, తల తీస్తే ఆగేది. వానాకాలంలో అది కొంచెం తడిగా, బరువుగా వచ్చేది. పక్కింటి రోసమ్మ గోడ అవతలి నుంచి, "మీ ఆయనకు జలుబు చేసినట్టున్నది వదినా, మెత్తను జెర ఎండల పెట్టు" అని చెప్పేది. ఆ వీధిలో దిండును మెత్త అనే అంటారు.

వసుధ అసిస్టెంట్ లోకో పైలట్. రైలింజన్‌లో ఎడమపక్క సీటు ఆమెది. సిగ్నల్ కనబడగానే దాని రంగు గట్టిగా పలకాలి. కుడిపక్కన ఉన్న లోకో పైలట్ తన కళ్ళతో చూసి అదే రంగు తిరిగి పలకాలి. రెండు నోళ్ళలో ఒకే రంగు వినబడితేనే బండి నిశ్చింతగా ముందుకు పోతుంది. పోయిన శుక్రవారం తెల్లవారుజామున ఆమె "గ్రీ" దాకా అని తుమ్మింది. ఒకటి కాదు, ఏడు.

కుడిపక్క సీట్లోని లోకో పైలట్ దేవానందం రంగు తానే పలికి, బండిని తర్వాతి స్టేషన్ దాకా తీసుకెళ్ళాడు. ఆలోపు వసుధ లెక్క చేసేసింది. గంటకు అరవై కిలోమీటర్లంటే సెకనుకు పదహారు మీటర్ల పైచిలుకు. తుమ్ముకు అర సెకను కళ్ళు మూతపడ్డా, ఏడు తుమ్ములకు యాభై ఎనిమిది మీటర్లు. ఐదు వ్యాగన్ల పొడవున ఆమె పట్టాలను చూడలేదు.

లెక్క విని దేవానందం తలూపాడు. "నేను ముప్ఫై మీటర్లు అనుకున్నానమ్మా. నువ్వు నిజం చెప్పావు గనక ఒక వారం ఆగుతాను. సెలవు పెట్టు. వచ్చే శుక్రవారం నాతోనే బండెక్కు. ఆ రోజూ ఇదే అయితే రిపోర్టు రాయక తప్పదు. రాస్తే నిన్ను ఆఫీసులో కూర్చోబెడతారు."

"మాత్ర వేసుకుంటే ఆగుతున్నయ్ సార్."

"నిద్ర రావట్లేదూ?"

"వస్తది."

"అయితే ఆ మాత్ర వేసుకుని నా పక్కన కూర్చోకు."

మల్కాజ్‌గిరిలో డాక్టరమ్మ పరీక్షలు చేసి, దుమ్ములో బతికే కంటికి కనబడని పురుగులు ఆమెకు పడవని చెప్పింది. వాటికి దిండు, పరుపు పుట్టిల్లు లాంటివంది. ఏళ్ళ తరబడి ఒకే దిండు మీద పడుకుంటున్నావా అని అడిగింది.

"నాలుగేండ్లల్ల మూడుసార్లు మార్చినం మేడమ్."

డాక్టరమ్మకు అది నచ్చలేదు. "మూడుసార్లు మారిస్తే ఇంత ఉండకూడదే" అని కాగితం మీద ఒక ప్రశ్నార్థకం గీసింది.

ఆ ప్రశ్నార్థకాన్ని వసుధ ఇంటికి తెచ్చుకుంది. మధ్యాహ్నం తన దిండు మీద చెవి ఆనించి కదలకుండా పడుకుంది. గురక వచ్చింది. చిన్నది, నీరసంగా, కానీ తండ్రిదే. ఇన్నాళ్ళూ అది పక్క దిండులోంచి వినబడుతోందనుకుంది. ఫోన్‌లో గడియారం పెట్టి లెక్కపెడితే నిమిషానికి నాలుగు. తర్వాత తల్లి దిండు మీద పడుకుని చూసింది. నిమిషానికి పన్నెండు. మూడుకు ఒకటి. ఇంత కచ్చితమైన భాగం దానంతటది కుదరదు.

కమలాబాయి గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అమ్మా, నా మెత్తల ఏ దూది పోయించినవ్?"

"ఉన్నదే."

"పాతదా?"

"పాతదెందుకైతది. ఏకిచ్చిన."

"మూడుసార్లు సుత గదేనా?"

"గుడ్డ కొత్తది. కుట్టు కొత్తది. దూది పారేస్తరా ఎవరన్న? దూది, బంగారం పారేసేటియి గావు, మళ్ళ చేయించుకునేటియి. మా అమ్మ గట్లనే చేసింది, మా అత్త గట్లనే చేసింది."

"నాయిన మెత్తల దూది నా దాంట్ల ఎందుకు కలిపినవ్?"

కమలాబాయి చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "మూడొంతులు నేనుంచుకున్న, ఒక వంతు నీకిచ్చిన. నీ నాయిన గాదా? అంతా నేనొక్కదాన్నే ఉంచుకుంటే బాగుంటదా?"

నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం డాబా మీద ఆ దిండ్లను కట్టెతో బాది మరీ ఎండబెట్టింది ఆమే. దూది ఏకేటాయన వచ్చినప్పుడల్లా లేచిన దుమ్ములో నిలబడి వాటాలు పంచిందీ ఆమే. అంతా బిడ్డ బాగుకే. వసుధకు కోపం రాబోయి తుమ్ము వచ్చింది. తొమ్మిది తుమ్మింది.

"శుక్రవారం ఇట్లనే తుమ్మితే నన్ను బండి మీదికెళ్ళి దించుతరు అమ్మా. కుర్చీల కూసోబెడ్తరు. నేను కుర్చీ కోసం చదవలే."

కమలాబాయి పక్కన పెట్టిన చిక్కుడుకాయను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఈ మెత్త తీసేస్తే మీ నాయిన యాడ పండుకుంటడు?"

ఆ ప్రశ్నకు వసుధ దగ్గర అంకె లేదు.

అంకెలున్న పని మొదలుపెట్టింది. పాత క్యాలెండర్ వెనక గీతలు గీసి తొమ్మిది రకాల దిండ్లు రాసింది. ఒక్కోదానికి ఐదు గళ్ళు, గడికి పది మార్కులు. అరవై డిగ్రీల వేడినీళ్ళకు తట్టుకుంటుందా, ఎన్ని గంటల్లో ఆరుతుంది, పైగుడ్డ నేత ఎంత దగ్గర, ఎత్తు మెడకు సరిపోతుందా, ఎన్నేళ్ళు వస్తుంది. మామూలు దూది, బూరుగు దూది ఉతకడానికి పనికిరావు. మెమరీ ఫోమ్ వేడినీళ్ళకు పాడవుతుంది. ఈకలది ఆరడానికి ఒకటిన్నర రోజు. లేటెక్స్‌లో పురుగులు అంత సులువుగా చేరవు, కానీ మెషీన్లో వేయలేం. ఎత్తుగా, బొద్దుగా ఉండే ఫైబర్ దిండుకు యాభైకి నలభై మూడు వచ్చాయి.

శనివారం పొద్దున తల్లీకూతుళ్ళు పాత దిండ్లు రెండూ దుప్పట్లో మూటగట్టి, ఆటోలో మోండా మార్కెట్ పక్కన ఓంప్రకాశ్ పరుపుల దుకాణానికి వెళ్ళారు. అరవై దాటిన ఓంప్రకాశ్ మూటను చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఖాళీయా, గురకున్నదా?"

"ఉన్నది. మా ఇంటాయనది" అంది కమలాబాయి.

"అయితే నేల మీద పెట్టకున్రి అమ్మా. తక్త్ మీద పెట్టున్రి." గోడవారన అందుకోసమే ఒక వెడల్పాటి చెక్క తక్త్ ఉంది. "పాతదానికి ఆనిచ్చి కొత్తది పెడ్త. మీరు రెండిటి నడుమ తల పెట్టి పండుకోవాలె. ఆయనకు నచ్చితే ఇటు జరుగుతడు, లేకుంటే లేదు. తొందర పెట్టొద్దు. మొన్న ఒకాయన వాళ్ళమ్మ జోలపాట పట్టుకొచ్చిండు, మూడు గంటలు పట్టింది."

వసుధ క్యాలెండర్ కాగితం తీసి చూపించింది. ఓంప్రకాశ్ పైనుంచి కిందికి చదివాడు.

"శానా బాగ రాసినవ్. నా కొడుకుకు బీకాం చదివిచ్చినా గింత రాదు. గానీ మార్కులేసేది నువ్వు, పండుకునేది ఆయన."

మొదట నలభై మూడు మార్కుల దిండు. కమలాబాయి కొంగు సర్దుకుని తక్త్ మీద ఒరిగింది. గురక ఒక్కసారి అటు వెళ్ళి, మెడ పట్టేసినట్టు మూలిగి, వెనక్కి వచ్చేసింది. లేటెక్స్‌లో ఒక్కో గురక బంతిలా రెండేసిసార్లు ఎగిరింది. ఈకల దిండులో సన్నటి ఈల అయింది.

కమలాబాయి కళ్ళు తెరిచింది. "గిది వద్దు. డ్యూటీల ఉన్నట్టున్నడు."

ఫోమ్‌లోకి అసలు పోలేదు. ఒంటిగంట అయింది. ఓంప్రకాశ్ చాయ్ తెప్పించాడు. వసుధ కాగితం మీద ఏడు రకాలు కొట్టేసి, మిగిలిన రెండింటిలో ఏది మెరుగో అని కూడికలు చేస్తోంది. అవి రెండూ వేడినీళ్ళు తట్టుకోనివే. ఇక్కడ ఏమీ కుదరకపోతే ఇంటికి ఈ మూటతోనే వెళ్ళాలి. తల్లిని ఒప్పించే మాట ఆమె దగ్గర లేదు, బలవంతంగా దూది పారేసే మనసూ లేదు.

"కింది అరల గా చిన్నయి ఏంది?" అంది కమలాబాయి పడుకునే.

"అవి బెర్త్ సైజ్ అమ్మా. పల్చగుంటయ్. ఇండ్లకు ఎవరూ కొనరు. అవి సుత ఫైబర్‌వే, వందసార్లు ఉతికినా ఏం గాదు."

"ఒకటి ఇయ్యి."

అది వసుధ కాగితంలో లేదు. రెండు వేళ్ళ మందాన ఉన్న ఆ దిండును ఓంప్రకాశ్ పాతదాని పక్కన పెట్టాడు. గురక ఆగిపోయింది. పాతదాంట్లో లేదు, కొత్తదాంట్లో లేదు. కమలాబాయి చెయ్యి దుప్పటి అంచును గట్టిగా పట్టుకుంది. నిమిషం గడిచింది. వసుధ అరవై దాటాక లెక్క వదిలేసింది.

అప్పుడు పల్చటి దిండులో మనిషి పక్కకు తిరిగి సర్దుకున్న చప్పుడైంది. ఆ వెంటనే నిండుగా, తీరిగ్గా గురక మొదలైంది.

"ఎక్కిండు" అన్నాడు ఓంప్రకాశ్.

కమలాబాయి లేవలేదు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే నవ్వింది. "ముప్ఫై ఏండ్లు డ్యూటీ దిగినంక పండుకునే రన్నింగ్ రూముల్ల గిసొంటి మెత్తల మీద్నే పన్నడు. ఇంట్ల ఎత్తు మెత్తేసి నేనే సతాయించిన."

వసుధ దిండులోని వంతును కూడా అదే దారిన పంపారు. "నా వాటా నీకే అమ్మా" అంది వసుధ. ఇప్పుడు నిమిషానికి పదహారు. తనకు అలాంటిదే ఒక ఖాళీ దిండు, రెండింటికీ, పరుపుకూ దగ్గరి నేతతో జిప్పు ఉన్న గలీబులు తీసుకుంది.

"జిప్పేస్తే ఊపిరాడుతదా?" అని అడిగింది కమలాబాయి.

"దుమ్ముకు తొవ్వ ఉండదు, గాలికి ఉంటది" అన్నాడు ఓంప్రకాశ్. " గురకకు గాలి చాలమ్మా. ఒక్కటే మాట, రెండేండ్లకోసారి మెత్త మార్చాలె. పాత దాన్ని పట్టుకొని గిట్లనే వస్తే చాలు."

"మార్చుదాం" అంది కమలాబాయి. "ఆయనకు ట్రాన్స్‌ఫర్లు కొత్తనా."

ఇంకొక్క సందేహం మిగిలింది. ఉతికితే? మూడు నెలల తర్వాత మొదటిసారి ఉతికినప్పుడు తెలుసుకోవడం కన్నా ఇప్పుడే తెలుసుకోవడం మేలని వసుధ ఆదివారం పొద్దునే తండ్రి దిండును మెషీన్లో వేసింది. అరవై డిగ్రీలు, గంటా పన్నెండు నిమిషాలు. కమలాబాయి మెషీన్ ముందు పీట వేసుకుని కూర్చుంది. రోసమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"మా ఆయనకు నీళ్ళంటే భయముండె రోసమ్మా."

"వేడినీళ్ళు గదా వదినా, ఏం గాదు."

డాబా మీద ఏడు గంటలు ఆరింది. ఈసారి ఎవరూ కట్టెతో బాదలేదు. సాయంత్రం ఐదింటికి కమలాబాయి తల ఆనించింది. ముందు ఒక పొడుగాటి నిట్టూర్పు వచ్చింది, తలస్నానం చేసి నడుం వాల్చిన మనిషిలా. తర్వాత గురక. రోసమ్మ లేచి చీర దులుపుకుని, "ఇగ నేను పోయి వంట చేసుకుంట" అని వెళ్ళిపోయింది. పాత దూదిని వసుధ ముక్కుకు గుడ్డ కట్టుకుని సంచిలో కుట్టి చెత్తబండికి ఇచ్చేసింది. కమలాబాయి కిటికీలోంచి కూడా చూడలేదు. అది ఇప్పుడు వట్టి దూది.

సోమవారం పద్నాలుగు. మంగళవారం తొమ్మిది. బుధవారం నాలుగు. గురువారం ఒకటి, దానికి కమలాబాయి రోజంతా గుమ్మం దాటలేదు. శుక్రవారం ఆరుకు ఇద్దరూ మంచం మీద కూర్చుని ఎదురుచూశారు. ఆరూ పది దాటింది.

"సున్న సరిల కొస్తదా, బేసిల కొస్తదా?"

"సరిలనే అమ్మా."

"అయితే పో."

ఎనిమిదిన్నరకు బండి సికింద్రాబాద్ దాటింది. మౌలాలి దగ్గర మొదటి సిగ్నల్ కనబడగానే వసుధ పలికింది, దేవానందం తిరిగి పలికాడు. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి. ఎదురుగా కంకర బండి ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. వసుధ ముక్కు కదిలింది, ఆగింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. జనగామ దాటాక దేవానందం భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఆయన కూడా ఇంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

కాజీపేట ముందు బండిని కాసేపు ఆపారు. దేవానందం సీసా మూత తీసి నీళ్ళు తాగాడు.

"ఏ డాక్టరు దగ్గరికెళ్ళావమ్మా?"

"మల్కాజ్‌గిరిల మేడమ్ సార్. దిండు మాత్రం మా నాయిన ఎంచిండు."

"హరికిషన్ గారా?" దేవానందం సీసా మూత బిగించాడు. "ఆయన బండికి గార్డుగా ఉన్నప్పుడు నేను నాలుగేళ్ళు నడిపాను. వెనక ఆయనుంటే నాకు ముందు భయముండేది కాదు." సీసాను సీటు పక్కన పెట్టి, మళ్ళీ అన్నాడు. "ఆదివారం రామగుండం దాకా వెళ్ళాలి. నాతో నువ్వే వస్తావని చెప్పేస్తాను."

"సరే సార్."

ఇంకేదో అనాలనిపించింది ఆమెకు. కానీ అప్పుడే ఎదుట ఎరుపు పోయి రంగు మారింది. వసుధ ముందుకు వంగి, గొంతు నిండా పలికింది.

"గ్రీన్."

"గ్రీన్" అన్నాడు దేవానందం. యాభై ఎనిమిది వ్యాగన్లూ ఒకదాని వెనక ఒకటి కదిలాయి.