గొంతు బాగాలేదట

గిన్నె అడుగున ఏడు దెబ్బలు, ఆగి ఐదు, మళ్లీ ఏడు. అంట్లు తోముతూనే ఆమె లెక్క సరిచూసుకుంటోంది. కొత్త పాటలో ఆ చోట రాగం ఉండదు, ఊపిరే ఉంటుంది. లెక్క తప్పితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు. శాస్త్రీయ సంగీతం పదిహేనేళ్లు నేర్చుకుంది. పాత పాటలంటే ప్రాణమే, కానీ అవి ఎప్పటివాళ్ల గొంతుల కోసమో పుట్టినవి. ఈ పాటను ఒక పెద్దావిడ దర్జీలా కొలతలు తీసుకుని ఈమె గొంతుకే రాసింది. మూడు నెలలుగా మేడమెట్ల మీదా, బట్టలు ఆరేసేచోటా సాధన.

"అమ్మాయీ, ఆ పాటలో ఎవరన్నా పోతారా, పాడేవాళ్లే పోతారా?" అంటుంది అత్తగారు.

"నలుగురికీ తెలిసినవి పాడితే నలుగురూ పిలుస్తారు. దీన్ని వినేది రాసినావిడా, నువ్వూ," అంటాడు భర్త.

ఫోను మోగింది. తోటి గాయని, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల.

"అక్కా, గొంతు ఎలా ఉంది?"

"నా గొంతుకేమైంది?"

"నా దగ్గర దాస్తావేంటక్కా? ఏడాది పాడకూడదన్నారటగా. నీ బదులు నన్ను పాడమని పెద్దావిడ అడిగారు. సాయంత్రంలోగా చెప్పాలి. నిన్ను అడక్కుండా ఒప్పుకోబుద్ధి కాలేదు."

ఒకరి చోటులో కాలుపెట్టే ముందు తలుపు తట్టేవాళ్లు ఈ వృత్తిలో ఎంతమంది? ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "సాయంత్రం దాకా ఆగమ్మా," అని పెట్టేసి, తడిచేతులతోనే ముందుగదిలోకి వెళ్లి భర్తను అడిగింది.

"ఓ, అదా!" భర్త పేపరు మడిచాడు. "మొన్న నువ్వు స్నానంలో ఉంటే ఆవిడ ఫోన్ చేసింది. పదిరోజులు రిహార్సలట. అప్పుడేగా మా అక్కావాళ్లు వచ్చేది! ఇంట్లో పనంటే బాగోదని, గొంతు బాగాలేదన్నాను. గౌరవంగా ఉంటుంది."

"ఏడాది అని ఎందుకన్నారు?"

"ఎప్పటికి తగ్గుతుందంటే నోటికొచ్చింది చెప్పాను. దానికింత రాద్ధాంతమా?"

కాలు విరిగిందని చెప్పినా బాగుండేది, ఎదురుచూసేవాళ్లు. ఆమె ఎవరి కొలువులోనూ లేదు. పిలిచేవాళ్లు గుప్పెడు మంది, వాళ్లంతా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లే. గొంతు పోయిందంటే పేరు కొట్టేస్తారు. త్వరగా తగ్గిపోయిందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది, అలాంటివి చెప్పీ చెప్పీ నాలుకకు అలవాటే. ఆయనకు వెళ్లడం ఇష్టంలేని విందులకు తనకు తలనొప్పంది. ఆయన వద్దన్న ప్రయాణాలకు తనకే ఓపిక లేదంది. పన్నెండేళ్లుగా ఆయన మాట కిందపడకుండా దోసిలి పడుతూనే ఉంది. కానీ ఈ కొత్త పాటలో కావాలనే గొంతు బొంగురుపోవాలి, ఒకచోట చీలిపోవాలి. జబ్బుపడి లేచిన మనిషి అలా పాడితే ఎవరు దాన్ని పాట అంటారు? పాపం, ఇంకా తగ్గలేదంటారు. ఇక జీవితాంతం వాళ్లు వినేది ఆమె పాటను కాదు, ఆమెకు లేని జబ్బును.

ఆమె అక్కడే నిలబడి పెద్దావిడకు ఫోన్ కలిపింది.

"తగ్గిపోయిందని చెప్పు, సరిపోతుంది," భర్త గొంతు తగ్గించాడు. "నా పరువు కూడా చూడు."

పక్కనే టీవీ చూస్తున్న అత్తగారు చేతిలోని రిమోట్‌తో టీవీ కట్టేసింది. ఆమె పాడుతుంటే ఏనాడూ కట్టనిది.

"నమస్కారమండీ. నా గొంతుకు ఏ జబ్బూ లేదు, రాలేదు. అబద్ధం ఆడింది మా ఆయన. ఇక్కడే ఉన్నారు, అడగండి," అని ఆమె ఫోను ఆయన చేతిలో పెట్టింది.